దావా ఖర్చు, సంఘపు చందా

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇందాక పంచాంగ శ్రవణంలో ఈ ఏడు పరాభవ నామ సంవత్సరమని చదివినప్పుడు కొందరి ముఖాలు చిన్నబోవడం గమనించాము. పేరుకు భయపడనక్కరలేదు. అరవై ఏండ్లకొకసారి అది రాక తప్పదు; 1966లో వచ్చింది, తన దారిన తాను వెళ్ళింది. అయితే ఆ మాట చెవిని పడగానే మాకు మాత్రం కోర్టు మెట్లు జ్ఞాపకం వచ్చినవి. మన చెన్నపట్నంలో కష్టపడి బ్రతికే తెలుగువారిలో దావా వేసి ఓడినవారు కొద్దిమందే. దావా వేయకుండానే, ఖర్చుకు జడిసి ఇంటిదగ్గరే ఓడిపోయినవారు ఎక్కువ. ఆ రెండో పరాభవాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుదామని నిలుచున్నాము.

మన సంఘంలో న్యాయసహాయ నిధి ఒకటి పెట్టాలని కార్యవర్గం తీర్మానం సిద్ధం చేసింది. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో అది చర్చకు వస్తుంది. పడుచువయసులో మేము ఒక కార్మిక సంఘంలో కొన్నేండ్లు లెక్కలు వ్రాశాము గనుక, అటువంటి నిధి ఎట్లా నడుస్తుందో, ఎక్కడ కుంటుతుందో ముందుగా చెప్పమని పెద్దలు ఆజ్ఞాపించారు.

దావా ఖర్చు అనగానే అందరికీ తోచేది వకీలు ఫీజు. నిజానికి బీదవానిని ముందుగా కుంగదీసేది అది కాదు. వాయిదాకు వెళ్ళిన రోజున కూలి పోతుంది. సాక్షిని తీసుకొనివెళితే అతని కూలి కూడా మనమే ఇచ్చుకోవాలి. బస్సు, కాఫీ, భోజనం సరేసరి. డాక్టరు సర్టిఫికెట్టు ఒకటి, నకళ్ళు కొన్ని, స్టాంపు కాగితాలు కొన్ని. వాయిదా మరో తేదీకి పడితే ఇదంతా మళ్ళీ మొదటికి వస్తుంది. మనబోటి వలస కుటుంబాలకు ఇంకొక ఖర్చు ఉన్నది. పుట్టిన తేదీ కాగితం నెల్లూరు జిల్లా బడిలో తెలుగులో ఉంటుంది. మిల్లు నోటీసు తమిళంలో ఉంటుంది. వకీలు వ్రాసేది ఇంగ్లీషులో. మూడు భాషల మధ్య కాగితం తిరగడానికి ఎవరో ఒకరు డబ్బు పుచ్చుకుంటారు. షోలాపురంలో బీడీలు చుట్టే మన ఆడపడుచుకు మరాఠీతో, బరంపురంలో మనవారికి ఒరియాతో, బెంగుళూరులో కన్నడంతో ఇదే పేచీ. సొంత ఊళ్ళో అయితే బావమరిదో, పినతండ్రి కొడుకో వెంట వస్తాడు. ఇక్కడ ఆ బలగం లేదు.

దీనికితోడు ఓడినవాడు గెలిచినవాని ఖర్చు కూడా ఇచ్చుకోవాలనే సూత్రం ఒకటి ఉన్నది. మన సివిలు ప్రొసీజరు కోడులో 35వ సెక్షను ప్రకారం ఖర్చులు సాధారణంగా గెలుపు వెంట నడుస్తవి. ఆచరణలో మన కోర్టులు వేసే ఖర్చులు స్వల్పమే. గెలిచినవానికి కూడా అసలు ఖర్చంతా చేతికి రాదు. కాని ఇంగ్లండులో ఈ సూత్రం చాలా పదునైనది. ఓడినవాడు ఎదుటి పక్షం వకీళ్ళ ఫీజు కూడా కట్టవలసి రావడంతో ఇల్లూ వాకిలీ అమ్ముకున్నవారున్నారు. కార్మిక సంఘాలు సభ్యుల దావా ఖర్చు నెత్తిన వేసుకొనే ఆచారం అక్కడ బలపడడానికి ఒక కారణం ఇదే. ఆ కథ కొంచెం చెప్పుకుంటే మన కథ బాగా అర్థమవుతుంది.

1900లో దక్షిణ వేల్సులోని టాఫ్‌వేల్ రైల్వేలో సమ్మె జరిగింది. కంపెనీవారు సమ్మె కట్టిన మనుష్యులను విడిచి సంఘం మీదనే దావా వేశారు. 1901లో ప్రభువుల సభ సంఘం నిధి నుంచి నష్టపరిహారం వసూలు చేయవచ్చునని తీర్పు చెప్పింది. సంఘం కట్టిన నష్టపరిహారం 23,000 పౌన్లు; ఖర్చులతో కలిపి మొత్తం 42,000 పౌన్ల దాకా పోయింది. ఖర్చుల సొమ్ము ఇంచుమించు పరిహారమంత ఉన్నదని మీరు గమనించాలి. కష్టజీవులు పెన్నీ పెన్నీ కూడబెట్టిన సొమ్ము అది. దాని మీద దేశమంతా కలవరపడి, 1906లో పార్లమెంటు చట్టం చేసి సంఘాల నిధులకు రక్షణ ఇచ్చింది.

నిధికి రక్షణ దొరికింది సరే, ఆ నిధిని సభ్యుని దావాకు ఖర్చు పెట్టవచ్చునా? ఒకరి దావాకు సంబంధం లేని ఇంకొకరు డబ్బు పెట్టి నడిపించడం పాత ఇంగ్లీషు న్యాయంలో తప్పు. ఉపాధ్యాయుల జాతీయ సంఘంలో పనిచేసే ఇద్దరు ఉద్యోగులు తమ పరువు పోయిందని దావా వేస్తే, ఆ సంఘమే ఖర్చు భరించింది. అది చెల్లునా అన్న తగవు 1960ల చివరిలో అప్పీలు కోర్టుకు వెళ్ళింది. ఉద్యోగి మేలులో సంఘానికి న్యాయమైన ఆసక్తి ఉన్నదని, ఖర్చు పెట్టవచ్చునని కోర్టు తేల్చింది. తరువాతి కాలంలో అక్కడి సంఘాలు ఇంకొక అడుగు వేసినవి. ‘నీవు ఓడితే ఎదుటివాని ఖర్చు కూడా మేమే కడతాము’ అని సభ్యునికి ముందుగా మాట ఇచ్చినవి. ఇట్లా మాట ఇచ్చిన సంఘం, సభ్యుడు గెలిచినప్పుడు, బీమా ప్రీమియంతో సమానమైన మొత్తాన్ని ఓడినవారి దగ్గర వసూలు చేసుకోవచ్చునని 1999 నాటి చట్టం ఒకటి వీలు కల్పించింది. 2013 ఏప్రిల్ 1 నుంచి ఆ వసూలు రద్దయినది. దానికి బదులుగా, ఒంటికి దెబ్బ తగిలి దావా వేసినవాడు నిజాయితీగా ఓడితే సాధారణంగా ఎదుటివాని ఖర్చు కట్టనక్కరలేదనే నియమం వచ్చింది.

ఇక మన సంగతి. ఇది మన పెరంబూరు సంగతి కూడా.

బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల పేరు ఇక్కడ వినని కుటుంబం లేదు. ఆ మిల్లులు 1996లో మూతపడినవి గాని, పెద్దవారి మాటల్లో ఇంకా ఆ ఈల వినబడుతూనే ఉన్నది. మిల్లు పనివారు వచ్చి కూర్చునే ఒక భక్తిసభ అప్పట్లో ఇక్కడ ఉండేది. దాని పేరు వేంకటేశ గుణామృతవర్షిణి సభ. ఆ సభలో తిరిగే జి. సెల్వపతి చెట్టియారు, జి. రామానుజులు నాయుడు అనే ఇద్దరు వ్యాపారస్థులు పనివారి బాధలు విని, అనిబిసెంటమ్మగారి పత్రికలో పనిచేస్తున్న బి. పి. వాడియాగారిని పిలుచుకొనివచ్చారు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబరు యూనియను పుట్టింది. భజన చేసుకునే సభలోనుంచి యూనియను పుట్టిందంటే ఆశ్చర్యపోనక్కరలేదు. నలుగురు ఒకచోట కూర్చునే అలవాటు ఉంటే, వారి మాటలు దేవుని దగ్గర మొదలై జీతం దగ్గరకు వస్తవి. మన సంఘం మాత్రం వేరే విధంగా పుట్టిందా? త్యాగరాజ ఉత్సవాలకని మొదలైనదే.

1920 చివర మిల్లులో తగవు ముదిరింది, తలుపులు మూశారు. యాజమాన్యంవారు వాడియాగారి మీద, మరికొందరు నాయకుల మీద హైకోర్టులో దావా వేశారు. పనివారిని ఒప్పందం తప్పించమని ప్రేరేపిస్తున్నారు గనుక నష్టపరిహారం ఇవ్వాలని, ఇకమీదట అటువంటి పని చేయకుండా నిషేధించాలని దాని సారాంశం. కోర్టు ఇంజంక్షను ఇచ్చింది. సంఘం నాయకుడు పనివారికి సలహా చెప్పడమే నేరమైపోతే ఇక సంఘమెందుకు? చివరికి రాజీ కుదిరింది. ఆ రాజీలో వాడియాగారు కార్మికోద్యమం నుంచి తప్పుకోవలసి వచ్చింది. నేరం ఋజువై ఆయన తప్పుకోలేదు. దావాను చివరిదాకా నడిపే స్తోమతు ఒక పక్షానికి ఉన్నది, రెండో పక్షానికి లేదు. అంతే.

ఈ సంగతి దేశమంతటా చర్చకు వచ్చింది. 1921లో ఎన్. ఎం. జోషిగారు కేంద్ర శాసనసభలో తీర్మానం ప్రతిపాదించారు. 1926లో ట్రేడ్ యూనియనుల చట్టం వచ్చి, 1927 జూన్ 1 నుంచి అమలయినది. అందులో 18వ సెక్షను, కార్మిక తగవు సందర్భంలో ఒప్పందం తప్పించమని ప్రేరేపించారనే కారణంతో రిజిస్టరైన యూనియను మీద దావా చెల్లదన్నది. పెరంబూరులో పడిన దెబ్బకు అది మందు. 15వ సెక్షను యూనియను నిధిని ఏయే పనులకు ఖర్చు పెట్టవచ్చునో చెప్పింది. జీతాలు, ఆఫీసు ఖర్చు, ఆడిటు, ఇట్లా పోతూ ఒకచోట దావాల మాట వస్తుంది. యూనియను హక్కుల కొరకు గాని, సభ్యునికి యజమానితో ఉన్న సంబంధంవల్ల కలిగిన హక్కుల కొరకు గాని వేసే దావాకు, లేదా ఎదుర్కొనే దావాకు నిధిని వాడవచ్చునన్నది. తాను పెట్టుకొన్న పనివానితో సభ్యునికి తగవు వస్తే అది కూడా ఇందులో చేరుతుంది. అనగా ఇంగ్లండులో 1960ల చివర కోర్టు తేల్చిన విషయాన్ని, యూనియనుల మట్టుకు మన చట్టం 1926లోనే తేల్చి పెట్టింది. అసలు పరుల దావాకు డబ్బు పెట్టడం తప్పనే పాత ఇంగ్లీషు నియమం హిందూదేశంలో యథాతథంగా వర్తించదని 1876లోనే ప్రివీ కౌన్సిలు చెప్పి ఉన్నది. జూదంగా, పరపీడనకై చేసే ఏర్పాట్లు మాత్రం చెల్లవన్నారు.

ఒక హద్దు చూడండి. యజమానితో తగవు అయితేనే యూనియను డబ్బు. ఇంటి అద్దె తగవుకు, ఊళ్ళో అన్నదమ్ముల పంపకానికి ఆ డబ్బు లేదు. ఇది మంచి హద్దని మా అభిప్రాయం. పంపకాల దావాలకు నిధి పెడితే అన్నకూ మన సభ్యత్వమే, తమ్ముడికీ మన సభ్యత్వమే. మన డబ్బుతో మనమే కొట్టుకుంటాము.

ఇప్పుడు మా మనస్సులో చాలాకాలంగా ఉన్న ఒక సంగతి చెప్పుతాము. సభలో చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాము.

1980ల చివరిలో మేము లెక్కలు వ్రాసిన సంఘం పేరు చెప్పము. ఆ కార్ఖానా పేరూ అక్కరలేదు. న్యాయసహాయానికి మా నియమావళిలో ఒక మాట ఉండేది. తగవు పుట్టిన నాటికి చందా బాకీ లేని సభ్యునికే సహాయం. నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక పనివాడు ఉండేవాడు. మనిషి మంచివాడు, మాట తక్కువ. యంత్రంలో పడి అతని కుడిచేతి వేళ్ళు మూడు పోయినవి. ఆ నాటికి ఆరు నెలల చందా బాకీ. కట్టు విప్పకముందే ఎడమచేత్తో డబ్బు పట్టుకొని ఆఫీసుకు వచ్చాడు. వెంట భార్య.

“బాకీ అంతా తెచ్చినాను గదన్నా, రాసుకో” అన్నాడు.

“మూడు నెలల డబ్బు పిల్లోడి జ్వరానికి పోయింది సారూ, లేకుంటే కట్టేవాళ్ళమే” అన్నది ఆమె.

కార్యవర్గం కూర్చున్నది. దెబ్బ తగిలిన తరువాత చందా పుచ్చుకుంటే ఇక ముందుగా కట్టేవాడెవడు, ఇల్లు కాలిన తరువాత బీమా అడిగినట్లుంటుంది అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. లెక్కలు వ్రాసేవారము గనుక మమ్మల్ని అడిగారు. నిధిలో ఎంత ఉన్నదో, ఇప్పటికే ఎన్ని కేసులు నడుస్తున్నవో చదివి వినిపించాము. మేమూ నియమం వైపే మాట్లాడాము. సహాయం నిరాకరించాలని తీర్మానమయినది. మినిట్సు పుస్తకంలో ఆ వాక్యం వ్రాసింది మా చెయ్యే. అతని డబ్బు తిరిగి ఇచ్చాము. లెక్క పెట్టుకోకుండానే జేబులో వేసుకొని వెళ్ళాడు.

తరువాత తెలిసింది. యజమాని ఇచ్చిన చిన్న మొత్తం పుచ్చుకొని, ఇక ఏ క్లెయిమూ లేదని వ్రాసిన కాగితం మీద ఎడమచేతి వేలిముద్ర వేశాడు. కాగితం ఇంగ్లీషులో ఉన్నది. కుటుంబంతో ఊరికి వెళ్ళిపోయాడు.

అప్పుడు అమలులో ఉన్నది 1923 నాటి పనివారి నష్టపరిహార చట్టం. చాలా ఏండ్ల తరువాత వేరే పనిమీద ఆ చట్టాన్ని తీరికగా చదివినప్పుడు మాకు నిద్ర పట్టలేదు. చట్టప్రకారం రావలసిన పరిహారాన్ని వదులుకుంటూ పనివాడు వ్రాసిచ్చిన ఒప్పందం ఆ మేరకు చెల్లదని 17వ సెక్షనులో ఉన్నది. పరిహారం ఇంతకని రాజీపడితే ఆ ఒప్పందాన్ని కమిషనరు దగ్గర రిజిస్టరు చేయించాలని, అక్కడికి పంపకపోతే యజమాని పూర్తి పరిహారం బాకీ ఉన్నట్లేనని 28, 29 సెక్షనులు. కమిషనరు ముందు పనివాని పక్షాన రిజిస్టరైన యూనియను ఉద్యోగి కూడా హాజరు కావచ్చునని 24వ సెక్షను. క్లెయిముకు గడువు రెండేండ్లు. అనగా అతనికి వకీలే అక్కరలేకపోయె. ఆ కాగితం చదివి, “ఇది చెల్లదు నాయనా, కమిషనరు దగ్గరకు పోదాం పద” అని చెప్పే మనిషి ఒక్కడు చాలు. దానికి ఖర్చు మా ఇద్దరి బస్సు టిక్కెట్లు. ఆ బస్సు ఖర్చు పెట్టే అధికారం మాకు లేదని మేము నిధి లెక్కలు చదివాము.

నియమం తప్పని మేము ఇప్పటికీ అనలేము. కాని నియమం డబ్బును కాపాడడానికి పెట్టింది. మేము దాని చాటున తెలివిని కూడా దాచుకున్నాము. ఆ చట్టం పుస్తకం మా ఆఫీసు బీరువాలోనే ఉన్నది మరి.

ఇక్కడ గిరిగారి మాట చెప్పాలి. వరాహగిరి వెంకటగిరిగారు 1894లో బరంపురంలో పుట్టారు; వలస తెలుగువారికి ఆయన సొంత మనిషి. డబ్లినులో న్యాయశాస్త్రం చదివారు, బెంగాల్ నాగపూర్ రైల్వే పనివారి సంఘాన్ని నడిపారు. 1952 నుంచి 1954 దాకా కేంద్ర కార్మిక మంత్రి. తరువాత రాష్ట్రపతి అయినారు. తాను న్యాయశాస్త్రం చదివినవారై ఉండి కూడా, కార్మిక తగవులను నిర్బంధంగా కోర్టులకు అప్పగించడం ఆయనకు గిట్టదు. ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని, కోర్టుకెక్కిన కొద్దీ పగ పెరుగుతుందని ఆయన పట్టు. దానికి గిరి మార్గమనే పేరు కూడా వచ్చింది. ప్రభుత్వంలో అది నెగ్గలేదు. మా చిన్న అనుభవంలో ఆయన చెప్పింది సగం నిజం. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు, కుదరకపోతే కోర్టుకు వెళ్ళగలడు వీడు అని ఎదుటివానికి తెలిసి ఉండాలి. ఆ స్తోమతు లేనివాడు బల్ల దగ్గర కూర్చున్నా నిలబడినా ఒకటే.

1947 నాటి పారిశ్రామిక తగవుల చట్టం ఈ స్తోమతుల తేడాను కొంత సరిచేయాలని చూసింది. ట్రిబ్యునలు ముందు ఎదుటి పక్షం ఒప్పుకుంటే, ట్రిబ్యునలు అనుమతిస్తే తప్ప వకీలు హాజరు కారాదన్నది. పనివాని పక్షాన యూనియను ఆఫీసు బేరరే మాట్లాడవచ్చును. ఒరిస్సాలోని పారాదీప్ పోర్టు కేసులో 1976లో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. వకీలు నిజంగానే ఏదైనా సంఘానికి ఆఫీసు బేరరైతే ఆ హోదాలో రావచ్చును. వకీలుగా రావాలంటే మాత్రం ఒప్పుదలా అనుమతీ రెండూ కావాలన్నది. ఇంకొకటి: 1965 దాకా ఒక్క మనిషిని పనినుంచి తీసివేస్తే, యూనియనో తోటి పనివారో భుజాన వేసుకొంటే గాని అది పారిశ్రామిక తగవే కాదు. ఆ ఏడు చట్టం సవరించి, తొలగించిన ఒంటరి మనిషి తగవునూ తగవుగా గుర్తించారు. 1984లో మరొక మేలు జరిగింది. మళ్ళీ పనిలో పెట్టుకోమన్న తీర్పు మీద యజమాని హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళితే, అది తేలేదాకా పనివానికి చివరి జీతం ఇస్తూ ఉండాలన్నారు. అప్పీలు మీద అప్పీలుతో పనివానిని ఆకలికి లొంగదీసే పద్ధతికి అది అడ్డుకట్ట.

ఇవన్నీ పాత చట్టాలు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కొత్త కార్మిక కోడులు అమలులోకి వచ్చినవి. 1926, 1947 చట్టాల స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడు, 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడు ఉన్నవి. యూనియను నిధిని దేనికి ఖర్చు పెట్టవచ్చునో వెనుకటి చట్టం తానే చెప్పేది. కొత్త కోడు అది నియమాల్లో నిర్ణయించినట్లు ఉంటుందన్నది. కాబట్టి యూనియనులో ఉన్న మన సభ్యులు తమ నాయకులను అడిగి ఆ నియమాలు తెలుసుకోవడం మంచిది. తగవు పుట్టి రెండేండ్లు దాటితే రాజీ అధికారి దానిని చేపట్టరు. పండుగ వెళ్ళాక చూద్దాం, ఊరికి పోయివచ్చాక చూద్దాం అనే మన అలవాటుకు ఈ గడువు ఆగదు.

యూనియను లేనివారి మాటేమిటి? ఇంటిపనికి వెళ్ళే ఆడవారు, హోటలు పిల్లలు, తాపీపనివారు, వీరు మన సంఘంలో సగం. వీరిలో చాలామందికి తెలియని వసతి ఒకటి ఉన్నది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉన్నది. దాని 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవారికి, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయసహాయం హక్కు. వీరికి ఆదాయపు హద్దు లేదు. ఇతరులకు ఆదాయాన్నిబట్టి. వకీలునిస్తారు, కోర్టు ఫీజు భరిస్తారు, నకళ్ళు తెప్పిస్తారు. అప్పీలు కాగితాల అనువాదం కూడా అందులో ఉన్నది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చును. ఉచితం గనుక నాసిరకమని కొందరి అపోహ. కొన్నిచోట్ల వకీలు అశ్రద్ధ చేయడం మేమూ చూశాము. అయినా అసలు వకీలు లేనివానికంటె అది వెయ్యి రెట్లు నయం. పైగా అశ్రద్ధ చేస్తే ఆ ఆఫీసులోనే చెప్పి మార్చమని అడగవచ్చును.

ఇంత వసతి సర్కారు ఇస్తుండగా మనకు వేరే నిధి ఎందుకని తీర్మానం చూసిన ఒక మిత్రుడు మమ్మల్ని అడిగాడు. సర్కారు వకీలునిస్తుంది, వాయిదా రోజు కూలి ఇవ్వదు. సాక్షి బస్సు ఖర్చు ఇవ్వదు. ఫలానా ఆఫీసు ఎక్కడున్నదో తెలుగులో చెప్పి వెంట తీసుకొనిపోదు. ఆ ఖాళీలోనే మన నిధి నిలబడాలి. వకీళ్ళకు ఫీజులిచ్చే పని పెట్టుకుంటే, రెండు కేసులకే నిధి అడుగంటుతుంది. యూనియనుల లెక్కలు వ్రాసినవారిగా ఇది గట్టిగా చెప్పగలము. పనివారి చందా కనీసం నెలకు 25 నయాపైసలని 1960లో చట్టంలో పెట్టారు. 2001 సవరణలో అది సాధారణ పనివారికి ఏడాదికి 12 రూపాయలయినది, అసంఘటిత రంగంవారికి 3 రూపాయలు, గ్రామీణ కూలీలకు 1 రూపాయి. ఆ కనీసంతో ఏ యూనియనూ వకీలును పోషించలేదు. యూనియను బలం ఎప్పుడూ ఫీజు కట్టడంలో లేదు. గుమాస్తా ఒకడు కాగితాలు సర్ది, తేదీలు గుర్తుపెట్టుకొని, మనిషి వెంట నడవడంలో ఉన్నది.

తీర్మానం మీద మా సవరణలు కార్యదర్శిగారికి వ్రాసి ఇచ్చాము. డబ్బు సహాయం మటుకు చందా సరిగా కట్టేవారికే. కాని మూడు నెలల బాకీ దాకా మన్నింపు, ఇంట్లో జబ్బో చావో ఉంటే ఆరు నెలలు. జీతం, పరిహారం, పనినుంచి తొలగింపు, ఇంటి అద్దె, ఈ నాలిగింటికే నిధి. అద్దె తగవును ఎందుకు చేర్చామంటే, మనది యూనియను కాదు గనుక ఆ హద్దు మనకు లేదు, మన సభ్యుల బాధల్లో అది పెద్దది. సభ్యుల మధ్య తగవులకు, ఊళ్ళో ఆస్తి దావాలకు ఒక్క పైసా లేదు. గెలిచినదానిలో నిధికి వాటా అడగరాదు. మన సంఘపు నియమావళిలోని ఉద్దేశాలలో న్యాయసహాయం లేదు గనుక ముందు ఆ మాట చేర్చి రిజిస్ట్రారుకు తెలియజేయాలి. అది చేయకుండా డబ్బు ముట్టుకుంటే ఆడిటరు ఊరుకోడు.

వీటన్నిటికంటె ముందు మాట, కాగితం చదివి చెప్పడానికి చందా అడగరాదు. సభ్యుడైనా కాకపోయినా, బాకీ ఉన్నా లేకపోయినా, తెలుగువాడైనా పక్కింటి తమిళుడైనా సరే. దీనికి కార్యవర్గంలో ఇద్దరు అభ్యంతరం చెప్పారు. వారి మాట కూడా మధ్యాహ్నం మీరు విని మరీ ఓటు వేయండి.

తీర్మానం నెగ్గినా వీగినా, వచ్చే ఆదివారం నుంచి ప్రతి ఆదివారం ఉదయం 10 గంటల నుంచి 12 దాకా మేము సంఘం గదిలో కూర్చుంటాము. హైకోర్టు గుమాస్తాగా పనిచేసి విరమించిన మన సభ్యులొకరు, తమిళం, ఇంగ్లీషు బాగా చదివిన ఒక అమ్మాయి మాతో కూర్చుంటామన్నారు. ఏ కాగితమైనా సంతకం పెట్టకముందు తీసుకొని రండి. పెట్టేసి ఉంటే కూడా తీసుకొని రండి.